గడప దాటేదాకా ఊరుకోని బుడతడు

పల్నాటి పాత ఇళ్ల గడపలు చిన్నవి కావు. టేకు గడప అయితే జానెడు ఎత్తున ఉంటుంది. పసుపు రాసి బొట్లు పెట్టిన ఆ గడపను పెద్దలు తొక్కకుండా దాటుతారు. ఏడాదిన్నర పిల్లవాడికి మాత్రం అది అడ్డుగోడే. అలాంటి గడపను, కుడి పాదం లోపలికి మెలి తిరిగి పుట్టిన ఒక బుడతడు పది రోజులు పట్టుబట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దాటాడు. 2025 ఏప్రిల్‌లో, మిరప కోతలు చివరికి వచ్చిన రోజుల్లో ఈ ముచ్చట జరిగింది.

గురజాల పక్కన ఒక పల్లె వాళ్లది. తండ్రి కూలికి ట్రాక్టరు తోలుతాడు. తల్లి కాయ కోతలకు, పత్తి తీతలకు వెళుతుంది. ఇంటి దగ్గర ఉండేది నాయనమ్మ, ఆరేళ్ల అక్క. ఊరి పేరూ, పిల్లవాడి పేరూ రాయవద్దన్నది తల్లి కోరిక. ‘రేపు వాడు బడికి పోయినప్పుడు ఎవరూ వంకరకాలోడా అని పిలవకూడదు. ఇప్పుడు వాడి కాలు వంకర లేదు గదా’ అంటుంది ఆమె. ఆ కోరికలో న్యాయం ఉంది.

గ్రహణం మీద నెట్టారు

పిల్లవాడు 2023 నవంబరులో పుట్టాడు. కాన్పు తేలికగానే అయింది. బిడ్డను తుడిచి చేతికిచ్చేటప్పుడు నర్సమ్మ ముందుగానే చెప్పింది, కుడి పాదం కాస్త తిరిగి ఉంది, భయపడవద్దని. కాస్త కాదు. పాదం లోపలికి ముడుచుకుని, అరికాలు పక్కకు తిరిగి, మడమ పైకి లాక్కుపోయి ఉంది. తల్లి చూసి ఏడ్చింది. తండ్రి వరండాలోకి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక చూడవచ్చిన వారు తలా ఒక మాట అన్నారు. అంతకు ముందు నెలలోనే, అక్టోబరు 28 రాత్రి తెల్లవారితే 29 అనగా, చంద్రగ్రహణం వచ్చింది. ఆ రాత్రి ఆమె లేచి వాకిట్లోకి వెళ్లిందని ఎవరో గుర్తు చేశారు. అంతే, నింద ఆమె మీద పడింది. నాయనమ్మ పైకి అనకపోయినా నాలుగు రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదట.

ఆ నింద నిలిచేది కాదు. పాదం ఇలా మెలి తిరిగితే గర్భం అయిదో నెలలో తీసే స్కానింగులోనే కనబడవచ్చు. గ్రహణం వచ్చింది తొమ్మిదో నెలలో. అప్పటికే తిరిగి ఉన్న పాదాన్ని గ్రహణం కొత్తగా తిప్పేదేముంది? ఎముకల డాక్టరు ఈ లెక్క నాయనమ్మకు వేళ్ల మీద చెప్పిన తర్వాత ఆమె మరి ఆ ఊసెత్తలేదు. పైగా, చూడవచ్చిన వారికి తానే లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

డాక్టర్లు దీన్ని క్లబ్ ఫుట్ అంటారు. సుమారు వెయ్యి కాన్పులకు ఒక బిడ్డ ఇలా పుడుతుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు. సగం మందికి రెండు పాదాలూ తిరిగి ఉంటాయి. చాలామందిలో కారణం ఇదీ అని చెప్పడానికి ఉండదు. తల్లి తిన్నదీ కాదు, తిరిగిందీ కాదు. పసిబిడ్డకు నొప్పి కూడా ఉండదు. కాని వదిలేస్తే పాదం అలాగే గట్టిపడిపోయి, పెద్దయ్యాక పాదం పక్క మీదా, మీగాళ్ల మీదా నడవవలసి వస్తుంది. అలా నడిచే పెద్దవాళ్లను మన సంతల్లో చూడనివారు తక్కువ.

పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించమని ఒకరిద్దరు సలహా చెప్పారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకు పేరు పొందింది. ఇక్కడ విరిగిందేమీ లేదు. పాదంలోని నరాలూ కండరాలూ పొట్టిగా బిగుసుకుని, ఎముకలను పక్కకు లాగాయి. వాటిని మెల్లగా సాగదీయాలి. అంతే పని. కాని ఆ ‘మెల్లగా’ అన్నమాటలోనే నాలుగేళ్ల శ్రమ ఉంది.

వారానికో పిండికట్టు

నెల తిరగకముందే గుంటూరు తీసుకువెళ్లారు. డాక్టరు పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, నొప్పి కలగకుండా కొద్దికొద్దిగా తిప్పి, వచ్చినంత మేర నిలిపి, కాలి వేళ్ల దగ్గర నుంచి తొడ దాకా మోకాలు వంచి పిండికట్టు వేశారు. వారం తర్వాత ఆ కట్టు తీసి, మరికొంత తిప్పి, మరో కట్టు. ఇలా ఆరు కట్లు పడ్డాయి.

తెల్లవారుజామున మొదటి బస్సు. డిసెంబరు చలి. ఒళ్లో బిడ్డ, బిడ్డ కాలికి బిడ్డంత బరువున్న కట్టు. అప్పటికి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఉచిత బస్సు లేదు. అది వచ్చింది 2025 ఆగస్టు 15న. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ ఇద్దరి కూలీ పోయేది, చార్జీలు పైన. వైద్యానికి మాత్రం ఖర్చు కాలేదు. పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించి ఉచితంగా వైద్యం చేయించడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వంకర పాదం కూడా ఉంది. అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లలను చూసే బృందాలు ఆ కార్యక్రమానివే.

ఆరో కట్టు నాటికి పాదం ముందు భాగం సరిగా వచ్చింది. మడమ మాత్రం దిగలేదు. మడమ వెనుక ఉండే లావుపాటి నరాన్ని చిన్న గాటుతో తెగ్గోసి, మూడు వారాలు కట్టులో ఉంచారు. తెగిన నరం ఆ మూడు వారాల్లో పొడుగై తిరిగి అతుక్కుంటుంది. పసిపిల్లల ఒంటికి ఆ శక్తి ఉంది.

ఈ పద్ధతి కనిపెట్టిన డాక్టరు పేరు ఇగ్నాసియో పాన్సెటి. స్పెయిన్ దేశంలో 1914లో పుట్టారు. గడియారాలు బాగుచేసేవాని కొడుకు. తమ దేశపు అంతర్యుద్ధంలో గాయపడ్డవారికి వైద్యం చేసి, ఆ తర్వాత దేశం విడిచి, మెక్సికో మీదుగా అమెరికా చేరారు. అయోవా విశ్వవిద్యాలయంలో 1940ల చివర ఈ పద్ధతి మొదలుపెట్టారు. 1963లో ఫలితాలు ప్రకటించినా, పెద్ద ఆపరేషన్లకు అలవాటుపడ్డ తోటి డాక్టర్లు ముప్పయి ఏళ్లపాటు పెద్దగా పట్టించుకోలేదు. ఆయన మానలేదు. 1990ల తర్వాతనే ప్రపంచమంతా ఆయన దారికి వచ్చింది. 2009లో తన 95వ ఏట కన్నుమూశారు. మొండితనం ఏడాది పిల్లలకే సొంతం కాదన్నమాట.

రెండు బూట్లు, ఒక కడ్డీ

కట్లు తీసేసిన రోజున ఇంట్లో పండుగ అనుకున్నారు. డాక్టరు చేతికి రెండు చిన్న బూట్లూ, వాటిని కలిపే ఒక కడ్డీ ఇచ్చారు. కడ్డీ పొడుగు బిడ్డ భుజాల వెడల్పంత. బాగున్న ఎడమ పాదం కొంచెంగానూ, కుడి పాదం బాగా ఎక్కువగానూ బయటికి తిరిగి ఉండేలా బూట్లు బిగించి ఉంటాయి. మూడు నెలలపాటు రోజుకు 23 గంటలు తొడగాలి. స్నానానికి ఒక గంట సెలవు. ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు వచ్చేదాకా రాత్రిళ్లూ, పగలు నిద్రపోయేటప్పుడూ తొడగాలి. కట్టు వేసేది డాక్టరు, కాలు నిలిపేది తల్లి అని అక్కడ వాడుక మాట.

మొదటి మూడు రాత్రులు ఇంట్లో ఎవరూ పడుకోలేదు. పిల్లవాడు ఒక కాలు తన్నబోతే రెండోది అడ్డం. ఏడుపు. నాయనమ్మ తట్టుకోలేక బూట్లు విప్పమని గొడవ చేసింది. విప్పితే మళ్లీ మొదటికి వస్తుందని తల్లి బిగబట్టుకుని కూర్చుంది. డాక్టరు చెప్పిన ప్రకారం కడ్డీ పట్టుకుని రెండు కాళ్లూ కలిపి ముడిచి, చాచి ఆడించింది. నాలుగో రోజు మధ్యాహ్నం పిల్లవాడికి కిటుకు తెలిసిపోయింది. రెండు కాళ్లూ ఒక్కసారే ఎత్తి, ఒక్కసారే దించాడు. కడ్డీ మంచం పట్టె మీద టంగుమని మోగింది. ఆ మోతకు తానే ఉలిక్కిపడ్డాడు. క్షణం ఆగి, మళ్లీ ఎత్తి, మళ్లీ మోగించాడు. ఆ సాయంత్రం దాకా అదే పని. ఏడుపు ఆగిపోయింది, ఇరుగుపొరుగు వారికి నిద్ర పోయింది.

తన కొడుకు ఊరుకునే రకం కాదని తల్లికి మొదటిసారి అనిపించింది ఆ రోజే. అప్పటికి వాడికి నిండా నాలుగు నెలలు లేవు.

2024 వేసవి పల్నాటి వేసవే. రెంటచింతల ఎండల పేరు రాష్ట్రమంతా తెలిసిందే. బూట్లలో పాదాలు చెమటకు నానిపోయేవి. పలుచని నూలు మేజోళ్లు రోజుకు మూడుసార్లు మార్చేది. పాదం ఎర్రబడిన చోట నూనెలు, పౌడర్లు రాయవద్దని ఆసుపత్రిలో చెప్పారు. రాస్తే చర్మం మెత్తబడి మరింత ఒరుసుకుంటుంది. ఆమె విసనకర్రతో వాడి ముఖానికి కాక పాదాలకు విసిరేది.

మన్నించని నెల

పిల్లలు పాకడానికీ, నిలబడడానికీ, నడవడానికీ వయసులు ఎంతెంత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో లెక్కలు ప్రకటించింది. ఆ దేశాల్లో మన దేశమూ ఉంది. ఆ లెక్క ప్రకారం బిడ్డ తనంతట తాను నడవడం ఎనిమిది నెలలు దాటిన దగ్గర నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా జరగవచ్చు. నూటికి నలుగురు పిల్లలు అసలు మోకాళ్ల మీద పాకనే పాకరు. పక్కింటి పిల్ల పదకొండో నెలలో నడిచింది, మావాడు ఇంకా లేవలేదు అని దిగులుపడే తల్లులు ఈ లెక్క గుర్తుంచుకుంటే సగం బెంగ తీరుతుంది. పద్దెనిమిది నెలలు నిండినా అడుగు వేయకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

మన బుడతడు పదో నెలలో పాకాడు. వంకర పాదంతో పుట్టిన పిల్లలు నడకకు మిగతావారి కంటే ఒకటి రెండు నెలలు ఆలస్యం చేయడం మామూలేనని డాక్టరు ముందే చెప్పారు. అందువల్ల ఇంట్లో ఎవరికీ తొందర లేదు.

తొందర లేకపోవడం మంచిదే. ఏమరుపాటు మంచిది కాదు. 2025 సంక్రాంతికి తల్లి పుట్టింటికి వెళ్లారు. పండుగ సందడిలో, పళ్లు వచ్చే చిరాకులో పిల్లవాడు రాత్రిళ్లు బూట్లు తొడగనివ్వలేదు. పోనీలే, ఒక్క రాత్రే కదా అనుకున్నారు. ఆ ఒక్క రాత్రి నెల రోజులైంది. తిరిగి వచ్చాక మిరప కోతలు మొదలయ్యాయి. కోతల రోజుల్లో తెల్లవారక ముందు వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషికి, నిద్రపోతున్న బిడ్డను కదిలించి బూట్లు బిగించడం మాటలు కాదు. ఫిబ్రవరిలో ఒక రోజు స్నానం చేయిస్తూ చూసింది. మడమ మళ్లీ పైకి లేస్తోంది.

ఆమెను ఎవరూ తిట్టలేదు. డాక్టరు పాదం తిప్పి చూపించి, ఇంతవరకు వచ్చేది, ఇప్పుడు ఇంతవరకే వస్తోంది అని మాత్రం అన్నారు. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. ఈ పద్ధతిలో పాదం తిరిగి వంకరపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం బూట్లు మానేయడమే. మళ్లీ మూడు కట్లు పడ్డాయి. మళ్లీ తెల్లవారుజాము బస్సులు.

పెద్దవాళ్లు కుంగిపోయి కూర్చుంటే పిల్లవాడు మాత్రం ఆ కట్టును కట్టుగా చూడలేదు. కట్టు వేసిన రెండో రోజు నులక మంచం కోడు పట్టుకుని లేవబోయాడు. కట్టు కాలు జారి కూలబడ్డాడు. మంచం కింద నుంచి దేకుతూ వెళ్లి రెండో కోడు పట్టుకున్నాడు. అక్కడా జారాడు. నాలుగు కోళ్లూ తిరిగాక, గోడ మూలకు ఆనించి ఉన్న మంచం కోడు కదలదని కనిపెట్టాడు. దాన్ని పట్టుకుని, కట్టు కాలిని రోకలిలా నిటారుగా నిలిపి లేచి నిలబడ్డాడు. నిలబడి ఎవరైనా చూశారా అని వెనక్కి తిరిగాడు. తల్లి చూసింది. కళ్ల నీళ్లు పెట్టుకోవాలో, నవ్వాలో తెలియక రెండూ చేసింది.

పది రోజుల గడప

కట్లు తీశాక గోడ పట్టుకుని నడిచాడు. ఏప్రిల్ మొదటి వారంలో గోడ వదిలాడు. నాపరాయి బండల మీద నాలుగడుగులు, కూలబాటు, ఆరడుగులు, కూలబాటు. నడక వచ్చిన మూడో రోజుకే ఇల్లు సరిపోలేదు. వాకిట్లో కోళ్లున్నాయి. వాకిటికీ వాడికీ మధ్య గడప ఉంది.

పాకే రోజుల్లో వాడు ఆ గడప ఎక్కి దిగినవాడే. ఇప్పుడు పాకడం నామోషీ అయింది కాబోలు. నడిచే దాటాలి. మొదటి రోజు గడప దగ్గర నిలబడి కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు గడపకు తగిలి ముందుకు బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. నాయనమ్మ పసుపు అద్ది లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. ఆమె వెనక్కి తిరిగేసరికి మళ్లీ గడప దగ్గర ఉన్నాడు.

రెండో రోజు నుంచి గడపకు అటూ ఇటూ గోతపట్టాలు మడిచి పరిచారు. అక్క లెక్క పెట్టడం మొదలుపెట్టింది. ఆమెకు అప్పటికి వచ్చిన అంకెలు ఇరవై దాకానే. ఇరవై అయ్యాక మళ్లీ ఒకటి నుంచి. ఆ పూట ఇరవైలు రెండు అయ్యాయని చెప్పింది.

నాలుగో రోజు తండ్రి ఇంట్లో ఉన్నాడు. కొడుకు తంటాలు చూడలేక చంకలో చేతులు వేసి ఎత్తి గడప అవతల దింపాడు. పిల్లవాడు విల్లులా వెనక్కి విరుచుకుని గుక్కపెట్టి ఏడ్చాడు. కోళ్ల వైపు కన్నెత్తి చూడలేదు. దేకుతూ గడప ఎక్కి తిరిగి ఇంట్లోకి వచ్చి, మునుపు నిలబడ్డ చోటనే నిలబడి, మళ్లీ మొదటి నుంచి కాలెత్తాడు. వాకిట్లోకి పోవడం కాదు వాడికి కావలసింది, దాటడం! తండ్రి ఈ సంగతి ట్రాక్టరు దగ్గర, టీ కొట్టు దగ్గర, ఎరువుల దుకాణం దగ్గర కనబడ్డవారందరికీ చెప్పుకున్నాడు. పది ఎకరాలు కౌలుకు దొరికినవాడు కూడా అంత సంబరంగా చెప్పుకోడు.

ఆరో రోజు వాడు ఒక కొత్త ఉపాయం పన్నాడు. తలుపు చెక్క పట్టుకున్నాడు. తలుపు కదిలి వాడిని తిప్పి ఇంట్లోకే పడేసింది. ఏడో రోజు తలుపు వదిలి ద్వారబంధం పట్టుకున్నాడు. ద్వారబంధం కదలదు. ఎడమ కాలు గడప మీద పెట్టి నిలబడ్డాడు. దిగడం తెలియక అక్కడే ఊగుతూ ఉండిపోయాడు. ఎనిమిది, తొమ్మిది రోజులు దిగడానికే పట్టాయి. ముందుకు దిగితే బోర్లా పడతాడు, కూర్చుని దిగడం వాడికి ఇష్టం లేదు.

పదో రోజు పొద్దున్న నాయనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. వాడు ద్వారబంధం పట్టుకుని ఎడమ కాలు మీద నిలబడి, కుడి కాలు ఎత్తి, గడప మీద ఎక్కడా ఆనించకుండా నేరుగా అవతల గోతపట్ట మీద పెట్టాడు. ఒక్క క్షణం ఆ కాలు మీదనే మొత్తం బరువు పడింది. పుట్టినప్పుడు అరికాలు పక్కకు తిరిగి ఉన్న కాలు అది. నిలిచింది. ఎడమ కాలు వెనకాలే వచ్చింది. చేట కింద పడేసి నాయనమ్మ కేక వేసింది. కొత్త కోడలు కుడికాలు పెట్టి లోపలికి వస్తుంది, నా మనవడు కుడికాలు పెట్టి బయటికి వచ్చాడు అని వీధంతా చెప్పింది.

తల్లి చేలో ఉంది. కర్నూలు వైపు నుంచి వచ్చిన కోత కూలీల పిల్లలు చెట్ల కింద చీరె ఉయ్యాలల్లో పడుకుని ఉన్నారు. ఫోను వచ్చింది. మేస్త్రీకి చెప్పి, అర పూట కూలీ వదులుకుని బయలుదేరింది. కోత చేతులు, కారం మంట పోయేదాకా బిడ్డను ముట్టుకోకూడదు. బోరింగు దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టి కడుక్కుని ఇంట్లోకి వెళ్లేసరికి పిల్లవాడు నిద్రపోతున్నాడు. ఎదురుచూసింది. సాయంత్రం లేచాడు. లేచినవాడు ఎవరూ అడగకుండానే గడప దాటాడు. తిరిగి ఇంట్లోకి దాటాడు. దీపాలు పెట్టేదాకా అటూ ఇటూ దాటుతూనే ఉన్నాడు. ఆమె గడప పక్కన చతికిలబడి చూస్తూనే ఉంది. ఆ పూట వంట నాయనమ్మదే.

అడుగులకు అరిసెలు మన ఆచారం. బోర్లా పడితే బొబ్బట్లు, పలుకులకు చిలకలు ఉన్నట్టే. మర్నాడు బియ్యం నానబోసి, దంపించి, బెల్లం పాకం పట్టి అరిసెలు వండారు. పళ్లెంలో వరసగా పేర్చి, వాటి మీద అడుగులు వేయించబోతే బుడతడు ఒక అరిసె మీద కాలు పెట్టి, మెత్తగా తగలగానే కిందికి చూసి, అక్కడే కూర్చుని తినడం మొదలుపెట్టాడు. ఎంత బతిమాలినా లేవలేదు. అందులోనూ పట్టుదలే.

గంటకు పదిహేడు కూలబాట్లు

పిల్లలు నడక నేర్చేటప్పుడు ఎన్ని అడుగులు వేస్తారు, ఎన్నిసార్లు పడతారు అని అమెరికాలో కొందరు పరిశోధకులు ఓపికగా లెక్కించి 2012లో ప్రకటించారు. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటిన వయసు పిల్లలు, ఆడుకునే సమయంలో గంటకు సగటున 2,368 అడుగులు వేశారు. 17 సార్లు పడ్డారు. నడవడం చేతనైన పెద్ద మనిషి గంటకు పదిహేడుసార్లు పడితే మర్నాడు మంచం దిగడు. పాకడం బాగా వచ్చిన పిల్లలు ఆ సుఖం వదులుకుని, పడుతూ లేస్తూ నడక ఎందుకు ఎంచుకుంటారన్న ప్రశ్నకూ వారు జవాబు చెప్పారు. నడిస్తే అదే సమయంలో మరింత దూరం పోవచ్చు. పోయిన దూరంతో పోల్చి చూస్తే పడడం పాకేటప్పటి కంటే ఎక్కువేమీ కాదు. అంటే బుడతడి లెక్క బుడతడికి ఉంది.

వాడి తంటాలు చూసి మేనమామ పట్నం నుంచి ప్లాస్టిక్ వాకరు కొని తెచ్చాడు. చుట్టూ చట్రం, మధ్యలో కూర్చునే గుడ్డ, కింద చక్రాలు ఉండే రకం. డాక్టరు వద్దన్నారు. అందులో కూర్చున్న పిల్లలకు నడక తొందరగా రాదు సరికదా, చక్రాల మీద మెట్ల దాకా, పొయ్యి దాకా కన్నుమూసి తెరిచేలోగా వెళ్లిపోతారు. కెనడా దేశం 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది. మన వడ్రంగులు చేసే మూడు చక్రాల కర్రబండి సంగతి వేరు. దాన్ని పిల్లవాడు తన కాళ్ల మీద నిలబడి తోస్తాడు, చాలనుకుంటే వదిలేస్తాడు. వాకరు ఇప్పుడు అటక మీద ఉంది. అందులో ఉల్లిపాయలు పోస్తున్నారు.

గడప దాటిన వాడికి మిగతా ఊరంతా దారే. పట్టుదల గల పిల్లవాడున్న ఇంట్లో కాపలా రెట్టింపు కావాలి. కుడితి తొట్టి మీద చెక్క మూత వచ్చింది. బకెట్టులో నీళ్లు మిగలనివ్వడం లేదు. జానెడు నీళ్లయినా పసిపిల్లలకు ప్రమాదమే. గొడ్ల కొట్టంలో మూల నేల మీద ఉండే పురుగుమందు డబ్బాలను తండ్రి తాళం పెట్టెలోకి మార్చాడు. ఇన్నాళ్లూ ఎందుకు మార్చలేదని నాయనమ్మ దెప్పింది.

రాత్రి బూట్లు ఇంకా ఉన్నాయి

పగలు మామూలు చెప్పులతో తిరుగుతాడు. పొద్దుగూకితే బూట్లూ కడ్డీ తప్పవు. నాలుగేళ్లు నిండేదాకా ఇంతే. సంక్రాంతి పాఠం తర్వాత ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా మానలేదు. తల్లి కూలికి వెళ్లి ఆలస్యమైతే తండ్రి తొడుగుతాడు. కుడి బూటు ముందు, మడమ పూర్తిగా కిందికి దిగిందో లేదో చూసి, ఆ తర్వాత ఎడమది. మొదట్లో చేతులు వణికేవట, ట్రాక్టరు స్టీరింగు పట్టే చేతులు.

పిల్లవాడికి ఇప్పుడు ఆ పని కూడా తానే చెయ్యాలని పట్టు వచ్చింది. అన్నం తిన్నాక మంచం కింద నుంచి బూట్లు లాక్కుని వస్తాడు. ఎవరైనా సాయం చేయబోతే చెయ్యి తోసేస్తాడు. పట్టీని బకిలులోకి దూర్చడం వాడికి ఇంకా రాదు. పావుగంట అవుతుంది, అరగంట అవుతుంది. తల్లి పక్కన కూర్చుని ఉంటుంది. పొద్దున్నే లేచి కోతకు పోవలసిన మనిషి, అయినా లాక్కోదు. నిద్ర ముంచుకొచ్చి వాడి తల వాలిన తర్వాతనే తాను బిగిస్తుంది.

వాడికి పొట్టివైపోయిన మొదటి బూట్లు కొంతకాలం పెట్టెలో ఉన్నాయి. 2025 వర్షాకాలంలో పక్క ఊళ్లో ఒక ఇంట్లో ఇలాగే రెండు పాదాలూ తిరిగిన ఆడపిల్ల పుట్టింది. అక్కడా గ్రహణం మాట వచ్చిందట. కబురు విని నాయనమ్మే కోడలిని వెంటబెట్టుకుని బయలుదేరింది, మనవడిని చంకనెత్తుకుని. ఆ తల్లి పచ్చి బాలింత, ముఖం కడిగి ఎన్నాళ్లయిందో. వీళ్లు మాటలేమీ చెప్పలేదు. పిల్లవాడిని కిందికి దింపారు. వాడు ఆ ఇంటి గడప చూశాడు. తమ ఇంటి దానికంటే రెండు వేళ్లు ఎత్తు ఎక్కువే. కాలెత్తాడు, తగిలి పడ్డాడు, లేచి మళ్లీ కాలెత్తాడు. బాలింత మంచం మీద నుంచి లేచి వచ్చి వాడి కుడి పాదం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. ఏ కాలు వంకర అని అడిగింది.

ఆ పిల్లకు గుంటూరులో కట్లు మొదలయ్యాయి. కొలత సరిపోతే ఈ బూట్లు వాడుకోవచ్చునని డాక్టరు చెప్పారు. అయిదో కట్టు పడేనాటికి ఇద్దరు తల్లులూ కలిసే వెళ్లి వస్తున్నారు. బస్సులో బుడతడు మాత్రం సీటులో కూర్చోడు. కడ్డీ పట్టుకుని నిలబడే ప్రయాణం చేస్తానంటాడు.